దవాఖానత్తకు నేను నేర్పిన భిన్నాలు

మొన్న నాంపల్లిలో టీ తాగుదామని ఓ హోటల్లో కూర్చున్నాను. గల్లాపెట్టె పైన చేటంత బోర్డు వేలాడుతోంది. "వన్ బై టూ లేదు. అడగవద్దు." అక్షరాలు ఎర్రరంగులో ఉన్నాయి. రైల్వే గేటు దగ్గర రాసే హెచ్చరిక కూడా అంత ఎర్రగా ఉండదు.

"అదేంటయ్యా, ఎప్పట్నించి?" అని సర్వర్ని అడిగాను.

"కాగితం కప్పులొచ్చినయ్ గద సార్. సగం పోస్తే ఫ్యాను గాలికే ఎగిరిపోతున్నయ్," అన్నాడు.

నా కళ్లముందే ఒక సామ్రాజ్యం కూలిపోయినట్టయింది. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. ఒక్క టీ చెప్పి, ఇద్దరు మనుషులు రెండు కప్పుల్లో పోయించుకోవడాన్ని వన్ బై టూ అంటారు. ఆ సగం కప్పు ముందు పెట్టుకుని ఇద్దరు పెద్దమనుషులు మూడు గంటలు కూర్చునేవారు. లేచి వెళ్లేలోపు ఢిల్లీలో ప్రభుత్వాన్ని రెండుసార్లు పడగొట్టి, జాలిపడి ఒకసారి నిలబెట్టేవారు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఉన్న టీ హోటళ్లలో ఆ రోజుల్లో పూర్తి కప్పు తాగిన మనిషిని నేను చూడలేదు. పూర్తి కప్పు తాగేవాణ్ణి జనం కాస్త అనుమానంగా చూసేవారు.

బోర్డు చూస్తూ కూర్చున్నాను. నా టీ చల్లారింది. ఆ వన్ బై టూ టీలోంచే చిన్నప్పుడు నేనొక తప్పును పుట్టించాను. అది పెరిగి పెద్దదై, నన్ను వదిలేసి, మా పక్క వాటాలో ఉండే దవాఖానత్త మీద పడింది.

*

మా ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండేది. ఇల్లు అనడం గౌరవం కోసం. ఒక ప్రహరీ లోపల ఏడు వాటాలు, ఏడు వాటాలకూ కలిపి ఒక కుళాయి. ఆ కుళాయికి ఆ ఊరి నవాబు కంటే ఎక్కువ దర్జా ఉండేది. ఇష్టమైతే వచ్చేది, లేకపోతే దగ్గి ఊరుకునేది. పొద్దున్నే వీధి చివర బేకరీ నుంచి కాలుతున్న బిస్కట్ల వాసన, ఎండెక్కితే స్టేషను నుంచి ఇంజను పొగ, వేసవి మధ్యాహ్నాల్లో మొజంజాహీ మార్కెట్టు వైపు నుంచి మామిడిపళ్ల వాసన. మా అమ్మ తీగ మీద ఆరేసిన బట్టలు వాసన చూస్తే ఆ పూట గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పవచ్చు. నేను ఏడాదికి ఆరు నెలలు బిస్కట్ వాసనేసే చొక్కాతో బడికి వెళ్లాను.

మా వాళ్లు కోస్తా నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. నాన్న గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా. పక్క వాటాలో వాళ్లు ఊళ్లో వ్యవసాయం ఎండిపోయి పట్నం వచ్చారు. మామయ్య స్టేషనులో మూటలు మోసేవాడు. అత్త ఒక సర్కారు దవాఖానలో పనిచేసేది. అందుకే ప్రహరీలో పిల్లలందరికీ ఆవిడ దవాఖానత్త. బంధుత్వం ఏమీ లేదు. మా అమ్మను ఆవిడ "వదినె" అనేది, మా అమ్మ ఆవిణ్ణి "వదినా" అనేది. మిగతా బంధుత్వాలు వాటంతటవే కుదిరిపోయాయి.

అత్త పని నీళ్లమందు ఇచ్చే కిటికీ దగ్గర. ఆ రోజుల్లో రోగులు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకునేవారు. నూనె సీసాలు, అత్తరు సీసాలు, ఇంకా ఏవేవో వాసనల సీసాలు. అత్త వాటిని కడిగితే, కాంపౌండరు ఎర్రటి మందు పోసేవాడు. తర్వాత ఆ సీసాకు బయట ఒక కాగితం పట్టీ అతికించాలి. ఏ పూటకు ఎంత తాగాలో దాన్ని చూసి తెలుసుకోవాలి. అత్త పట్టీని సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్లీ మూడు మడతలు పెట్టి, మడతల దగ్గర కత్తెరతో గాట్లు పెట్టేది. విప్పితే ఆరు గళ్లు. ఆరు పూటల మందు. ఒక గడి ఇంకో గడి కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉంటే నా పేరు మార్చుకుంటాను. మర్నాటికి కావలసిన పట్టీలు సాయంత్రం ఇంటి గడప మీద కూర్చుని మడిచేది. కబుర్లు చెబుతూ, కూర మాడకుండా చూస్తూ, చిన్నకొడుకు వీపు మీద ఒకటి వేస్తూ మడిచేది. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

ఇంత పనిమంతురాలు పన్నెండేళ్లుగా టెంపరరీ. ఆ ఏడు శీతాకాలంలో దవాఖానలో ఒక మాట పుట్టింది. వేసవి దాటగానే కొందరిని పర్మనెంటు చేస్తారు, జాబితా తయారవుతోంది, కానీ ఏడో తరగతి పాసైన కాగితం చూపించాలి. అత్త ఊళ్లో ఐదు దాకా చదివింది. ప్రైవేటుగా ఏడుకు కట్టింది. తెలుగు వచ్చు, కూడికలు తీసివేతలు నోటితోనే చేసేది. ఒక్కచోట ఆగిపోయింది.

"అన్ని అయితయి గాని వదినె, గా బై ఉంటది సూడు, మీద ఒకటి, కింద ఒకటి. గది చూడంగనే చెమటలు పడ్తయి నాకు," అంది కుళాయి దగ్గర మా అమ్మతో.

"భిన్నాలా? ఇంతోటి దానికి బెంగెందుకు వదినా? మా వాడున్నాడుగా. ఆరో తరగతి. వాడు చెబుతాడు," అంది అమ్మ.

లెక్కల్లో నా ప్రతాపం అమ్మకు తెలియదు. ప్రోగ్రెసు కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టేవాణ్ణి. నాన్న కంటే బాగా పెట్టేవాణ్ణి. ఒకసారి నాన్నే నేను పెట్టిన సంతకం చూసి, "ఇది ఎప్పుడు పెట్టానబ్బా?" అని ఆలోచించుకుని, తనదేనని ఒప్పుకున్నాడు.

*

అలా పదకొండో ఏట నేను ఉపాధ్యాయుణ్ణయ్యాను. లోకంలో ఏ మహారాజుకూ పట్టాభిషేకం నాడు అంత పొగరు ఉండి ఉండదు. నాన్న పాత కళ్లజోడు, అద్దాలు లేనిది, పెట్టుకునేవాణ్ణి. అడుగు స్కేలు చేత్తో పట్టుకునేవాణ్ణి. సాయంత్రం గడప మీద అత్త పలక పట్టుకుని కూర్చోగానే హాజరు తీసేవాణ్ణి.

"ఒకటో నంబరు!"

"హాజరు సారూ."

"రెండో నంబరు!"

"రెండో నంబరు ఎవ్వలు సారూ? నేనొక్కదాన్నే గద."

"క్లాసులో మాట్లాడకూడదు."

జవాబు తప్పయితే జరిమానా రెండు సకినాలు. రైటయితే బహుమానం కూడా నాకే, నేర్పినందుకు, రెండు సకినాలు. ఆ చలికాలంలో నేను తిన్న సకినాలను వరసగా పేరిస్తే బషీర్‌బాగ్ చౌరస్తా దాకా వచ్చేవి.

మొదటి పాఠం సర్వపిండి మీద జరిగింది. అత్త అప్పుడే గిన్నె బోర్లించి తీసింది. నువ్వులు, పల్లీలు, అంచుల్లో ఎర్రగా మాడిన పిండి. ఆ వాసనకి నా కళ్లజోడు మసకబారింది, అద్దాలు లేకపోయినా.

"దీన్ని నాలుగు భాగాలు చెయ్యి," అన్నాను.

చేసింది. ఒక ముక్క దవాఖాన కిటికీ అంత ఉంది. రెండు మధ్యరకం. నాలుగోది నా బొటనవేలంత.

"ఇదేంటి?"

"పెద్దది మీ మామది. పొద్దుగాల్నుంచి మూటలు మోస్తడు. ఇవి పోరగాండ్లవి. గిది నాది."

"తప్పు! సమాన భాగాలు చెయ్యాలి."

"మోసేటోనికి, కూసునేటోనికి ఒక్కటే ముక్కనా సారూ? అందరికి ఒక్కతీరు ఆకలైతదా?"

జవాబు లేనప్పుడు ఉపాధ్యాయులు ఏం చేస్తారో నాకు తెలుసు. స్కేలుతో పలక మీద ఠపీమని కొట్టాను. "పుస్తకంలో సమాన భాగాలనే ఉంది!"

అత్త మళ్లీ కత్తి అందుకుంది. "ఔ సారూ. పుస్తకంల గట్లనే ఉంటది గావచ్చు," అని ముక్కలన్నీ దగ్గరికి చేర్చి మళ్లీ కోసింది.

ఆ గెలుపు నాకు చాలా రుచించింది. ముక్కతో సహా.

*

చిక్కంతా భిన్నాల కూడికల దగ్గర వచ్చింది. సగానికి మూడో వంతు కలిపితే ఎంత? మా బళ్లో ఈ పాఠం చెప్పిన రోజు నేను కిటికీలోంచి ఒక గాలిపటం తెగిపోవడం చూస్తున్నాను. పాఠం కూడా ఆ గాలిపటంతోనే వెళ్లిపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం నాన్న ఆఫీసుకు వెళ్లాను. అక్కణ్నించి నాన్న నన్ను ఆబిడ్స్‌లో తను రోజూ వెళ్లే ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లాడు. పాలరాతి బల్లలు, గోడల నిండా అద్దాలు. కూర్చున్న ఐదుగురు మనుషులు అద్దాల్లో ఐదొందల మందిగా కనబడేవారు. నాన్నా, ఆయన స్నేహితుడూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక టీ చెప్పారు. పక్క బల్ల దగ్గర అదే ఆఫీసు వాళ్లు ముగ్గురు. వాళ్లు ఇంకా పొదుపరులు. ముగ్గురికి ఒక టీ చెప్పారు.

టీలు అందించే తెల్లగడ్డం చాచా వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఏక్ బై దో! ఏక్ బై తీన్!"

ఇంతలో ఆఫీసులో బదిలీల సంగతేదో వచ్చింది. అంత పెద్ద విషయం రెండు బల్లల మీద పట్టదు కాబట్టి రెండు బల్లలూ దగ్గరికి జరిపారు. చాచా రెండు టీలు తెచ్చి, ఐదు కప్పుల్లోకి చుక్క తేడా లేకుండా పోసి, గల్లా వైపు చూసి అన్నాడు. "దో చాయ్, పాంచ్ ఆద్మీ!"

నా నోట్లో నానుతున్న బిస్కట్ నోట్లోనే ఆగిపోయింది. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు. కలిపితే రెండు టీలు, ఐదుగురు. రెండు బై ఐదు! మీదివి మీద కూడాలి, కిందివి కింద కూడాలి. ఇంత సులువైన దాన్ని లోకం ఇన్నాళ్లూ ఎందుకు దాచింది?

అక్కడే బల్ల మీద లేచి నిలబడ్డంత పని చేసి నాన్నకు చెప్పాను. నాన్న స్నేహితులకు చెప్పాడు. ఐదుగురూ కప్పులు చూసుకున్నారు. మనుషుల్ని లెక్కపెట్టుకున్నారు. తలలు ఊపారు.

"కరెక్టేరా అబ్బాయ్. రెండు టీలు, ఐదుగురం. ఇంకెంతవుతుంది?" అన్నాడు అందరికంటే సీనియరు.

ఐదుగురు గుమాస్తాలు. అందులో ముగ్గురు డిపార్టుమెంటు పరీక్ష పాసైనవాళ్లు. ఇంతమంది ఆమోదించిన దానికి ఇక తిరుగేముంది?

ఆ సాయంత్రమే అత్తకు చెప్పేశాను. అత్త ఒళ్లో పట్టీల కట్ట ఉంది. పలక మీద నేను రాసింది చూసి, చేతిలో మడుస్తున్న పట్టీని చూసుకుంది.

"జర తక్కువైతలేదా సారూ?"

"ఏంటి తక్కువ? మా నాన్నగారు చెప్పారు. ఆయన ఆఫీసులో ఐదుగురు ఆఫీసర్లు చెప్పారు." గుమాస్తాలకు అప్పటికప్పుడు పదోన్నతి ఇచ్చేశాను. "నీకు తెలుసా, వాళ్లకు తెలుసా?"

"ఔ, నాకేం ఎర్క," అంది అత్త. పట్టీ పక్కన పెట్టి పలక మీద పదిసార్లు రాసింది. మీదివి మీద. కిందివి కింద.

*

పరీక్షలు వచ్చాయి. అత్తకు లెక్కల పరీక్ష గన్‌ఫౌండ్రీలో ఒక బళ్లో. పొద్దున్న కుళాయి దగ్గరే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, రెండు కలాలతో బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ నా కాళ్లకు దండం పెట్టబోయింది. "గురువుకు మొక్కాల్నట గద," అని నవ్వింది. నేను మొహమాటపడకుండా నిలబడ్డాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ కాళ్లు ముడుచుకుంటాను.

అదే పూట మా బళ్లో లెక్కల సార్ స్లిప్ టెస్టు కాగితాలు పంచారు. నా కాగితం చివరిదాకా పంచలేదు. దాన్ని వేళ్ల చివర ఎలక తోక పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"నువ్వు లేవురా. సగం, మూడో వంతు కలిపితే రెండు బై ఐదు. గిది నీకు ఎవ్వలు చెప్పిన్రు?"

"హోటల్లో తెలిసింది సార్."

క్లాసు బల్లలు ఊగేలా నవ్వింది. సార్ మాత్రం నవ్వలేదు. "ఏ హోటల్ల? చెప్పు, చెప్పు," అన్నారు. చాచా కేకలతో సహా మొత్తం చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కాసేపు పైకప్పు చూశారు. టీ ఆయనకూ ప్రాణమే.

"నీ చాయ్ లెక్క తప్పు గాదురా," అన్నారు చివరికి. "రెండు చాయ్‌లు ఐదుగురికి పంచితే మనిషికి రెండు బై ఐదే. కాని నేను అడిగింది పంచుడు గాదు, కలుపుడు. ఇప్పుడు నువ్వొక్కనివే కూసున్నవ్. సగం కప్పు తాగినవ్. ఆశ తీరలే. మళ్ల మూడో వంతు కప్పు తాగినవ్. కడుపుల ఎంత చాయ్ ఉన్నది? సగం కంటే ఎక్కువనా, తక్కువనా?"

"ఎక్కువ సార్."

"రెండు బై ఐదు సగం కంటే ఎక్కువనా, తక్కువనా?"

వేళ్లు చూసుకున్నాను. ఐదులో సగం రెండున్నర. రెండు దానికంటే... "తక్కువ సార్."

"మరి పోసినకొద్ది తగ్గిన చాయ్ ఎవ్వలు తాగిన్రు? నేనా?"

క్లాసు మళ్లీ ఊగింది. నాకేమీ వినబడలేదు. గన్‌ఫౌండ్రీలో ఒక బెంచీ మీద ఉతికిన చీరలో కూర్చున్న మనిషే కనబడుతోంది.

ఇంటర్వెల్ గంట కొట్టగానే గోడ దూకాను. నాంపల్లి నుంచి ఆబిడ్స్ మీదుగా గన్‌ఫౌండ్రీకి నేను పరిగెత్తిన వేగానికి రెండు సిటీ బస్సులు సిగ్గుపడి పక్కకు తప్పుకున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఏయ్, ఏడికి? లోపట పరీక్ష నడుస్తుంది."

"మా స్టూడెంటు లోపలుంది. ఒక్క మాట చెప్పాలి."

"ఎవ్వలున్నరు?"

"మా స్టూడెంటు."

వాచ్‌మన్ నన్ను కింది నుంచి పైకి చూశాడు. అది చాలా కొద్ది దూరం కాబట్టి త్వరగా అయిపోయింది. "మూతికి పాలు తుడుచుకో ముందు. స్టూడెంటంట! గేటు ముట్టినవంటే కాళ్లు ఇరుగ్గొడ్త."

గేటు ఊచలు పట్టుకోకుండా, వాటికి బెత్తెడు దూరంలో, గంట కొట్టేదాకా నిలబడ్డాను.

అత్త బయటికి వచ్చింది. వేళ్లకు సిరా, మొహం నిండా నవ్వు. "సారూ! నా కోసమే వచ్చినవా! ఎండల గిట్ల ఉరికొచ్చినవా!"

"అత్తా... సగం, మూడో వంతు..."

"వచ్చింది! నాలుగు మార్కులది. అచ్చం నువ్వు చెప్పినట్టే రాసిన."

చెప్పాలని నోరు తెరిచాను. ఆ నవ్వు చూసి మూసేశాను. అత్త నన్ను మొజంజాహీ మార్కెట్టుకు తీసుకెళ్లి మామిడిపండు ఐస్‌క్రీము ఇప్పించింది. తిన్నాను. తినలేదని అబద్ధం చెప్పను. తనకు పళ్లు జిల్లుమంటున్నాయని అత్త సగంలో ఇచ్చేసిన కప్పు కూడా తిన్నాను. రుచి మాత్రం ఏదో తెలియలేదు.

*

ఫలితాలు వచ్చాయి. అన్నిటిలో పాసు. లెక్కల్లో ముప్ఫై ఒకటి. ముప్ఫై ఐదు రావాలి.

నాలుగు మార్కులు. ఆ తీసివేత నాకు వచ్చు.

వారం తర్వాత దవాఖానలో జాబితా అంటించారు. అత్త పేరు లేదు. రెండు రోజులు నేను జ్వరం నటించాను. మూడో రోజు నిజంగానే వచ్చింది. అది తగ్గాక కుళాయి దగ్గరికి వెళ్లాను. అత్త బిందె పెట్టి, కుళాయి దగ్గు తగ్గేదాకా ఎదురుచూస్తోంది.

"అత్తా, తప్పు నాది. నేను చెప్పింది తప్పు. రెండు బై ఐదు కాదు."

"ఔ," అంది అత్త. "ఐదు బై ఆరు."

నేను బిందెలో పడబోయాను. "నీకెవరు చెప్పారు?"

కొంగు ముడి విప్పి ఒక పట్టీ తీసింది. తడి చేతులు చీరకు తుడుచుకుని దాన్ని విప్పింది. "ఎవ్వలు చెప్పాలె? గిది సూడు. ఆరు గళ్లు. సగం సీస అంటే మూడు. మూడో వంతంటే రెండు. మూడు, రెండు ఐదు. ఆరింట్ల ఐదు. రోజూ నూరు సీసలకు అంటిస్త, గింత తెల్వదా?"

"తెలిస్తే మరి పరీక్షలో అలా ఎందుకు రాశావు?"

అత్త పట్టీని మళ్లీ మడతల వెంబడే మడిచింది. "ముందుగాల ఐదు బై ఆరే రాసిన. రాసి కొట్టేసిన."

"ఎందుకు?"

"గది దవాఖాన లెక్క గద. ఇది చదువుకున్నోళ్ల లెక్క. కలిపినా తక్కువైతదేమో పుస్తకంల, నాకు ఎర్కలేదేమో అనుకున్న. నువ్వు గంత గట్టిగ చెప్పినవ్. ఆఫీసర్లు గూడ ఔ అన్నరంటివి." నా మొహం చూసి గడ్డం పట్టుకుంది. "ఏడుస్తవేంది? పంతుళ్లు ఏడుస్తరా? ఫికర్ చెయ్యకు. మళ్ల రాస్త."

ఆ సాయంత్రం ఇంట్లో అంతా చెప్పేశాను. సంతకాల సంగతి కూడా అదే ఊపులో చెప్పేశాను. నాన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "మేమూ తలూపాం కదరా," అన్నాడు. తర్వాతి సోమవారం ఆ ఐదుగురూ కలిసి దవాఖాన పెద్దకు ఇంగ్లీషులో నాలుగు పేజీల అర్జీ రాశారు. సెలవు పెట్టుకుని మరీ పట్టుకెళ్లారు. అంత అందమైన అర్జీ తమ ఆఫీసుకు ఎప్పుడూ రాలేదని అక్కడి హెడ్డు గుమాస్తా మెచ్చుకున్నాడట. ఏడో తరగతి కాగితం లేకుండా తను చేయగలిగింది అంతేనని కూడా చెప్పాడట.

*

మళ్లీ పాఠాలు మొదలయ్యాయి. కళ్లజోడు లేదు, స్కేలు లేదు, హాజరు లేదు. అత్త దవాఖాన నుంచి ఒక పగిలిన మందు గ్లాసు తెచ్చింది. గీతల దాకా బాగానే ఉంది. ఆమె నీళ్లు పోసేది, పట్టీ మడిచేది. నేను అది చూసి పలక మీద అంకెలు వేసేవాణ్ణి. ఇద్దరం పలకనూ పట్టీనీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. రెండూ ఒక్కటే చెబితేనే ముందుకు. ఏ లెక్కకైనా ముందు ఆమె ఒకటే అడిగేది. "ఎన్ని మడతలేస్తే రెండూ సరిగ్గ వస్తయి?" మా లెక్కల సార్ మూడు నెలలు మొత్తుకున్నా నా బుర్రకెక్కని కసాగు అదే. పావుకీ ఆరో వంతుకీ పన్నెండు మడతలు. సగానికీ ఐదో వంతుకీ పది. దసరా వచ్చేసరికి బళ్లో నా మార్కులు చూసి సార్ నేను ఎవరి కాగితంలోంచి కాపీ కొడుతున్నానో కనిపెట్టడానికి వారం రోజులు నా చుట్టూ తిరిగారు.

మరుసటి ఏడు అత్త పాసైంది. లెక్కల్లో డెబ్భై రెండు. మార్కుల కాగితం ఏడు వాటాలూ తిరిగి, చివరికి మా మామయ్య చేతికి వచ్చేసరికి పసుపూ నూనే అంటుకుని గుమ్మంలో కట్టే తోరణంలా ఉంది.

కానీ జాబితా లేదు. కొత్త జాబితా ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఆ మధ్యలో స్టేషనులో ఒక ఇనప పెట్టె జారి మామయ్య కాలి మీద పడింది. నెలన్నర మంచం. పర్మనెంటు వాళ్లకు సెలవు ఉంటుంది. టెంపరరీ వాళ్లు మానేస్తే ఆ చోట ఇంకొకరు వస్తారు. అందుకని అత్త పొద్దున్నే మామయ్య కట్టు మార్చి, తలగడ పక్కన మంచినీళ్లు పెట్టి, దవాఖానలో ఊరివాళ్లందరి సీసాలు కడగడానికి వెళ్లిపోయేది. మధ్యాహ్నం అన్నం మా అమ్మ పెట్టేది. బడి వదిలాక నేను వెళ్లి ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. ఆయనకు సంగతి అంతా తెలుసు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. "పాఠం ఏడిదాక వచ్చింది చిన్నసారూ?" అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. కాలు నొప్పెడుతున్నా తలూపుతూ వినేవాడు.

మొదటి జాబితాకూ, అత్త పేరున్న జాబితాకూ మధ్య రెండేళ్లు గడిచాయి. పేరు వచ్చిన రోజు అత్త మా ఇంటికి వచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చింది. తర్వాత వాళ్లు దవాఖాన క్వార్టర్సుకు మారిపోయారు. అత్త అక్కడే రిటైరైంది. ఆవిడ చనిపోయిన సంగతి చాలా రోజులకు గాని నాకు తెలియలేదు.

ఇప్పుడు నా మాట వింటూ ఎవరైనా "ఔ, నాకేం ఎర్క" అన్నట్టు తల వంచితే, నా మాట అక్కడే ఆపేస్తాను. చేతిలో ఏముందో ముందు చూపించమని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు నిజంగానే చూపిస్తారు, అప్పుడు నేను చెప్పబోయింది మింగేసి కూర్చుంటాను.

ఈ కబుర్లన్నిటిలోనూ చెప్పేటప్పుడు ఓ గుప్పెడు ఎక్కువే వేశాను. బస్సులు సిగ్గుపడవని నాకూ తెలుసు. నా తప్పు వల్ల అత్త ఎదురుచూసిన ఆ రెండేళ్లకు మాత్రం ఏమీ కలపలేదు. అవి సరిగ్గా రెండేళ్లే.